ముక్కూ మొహం తెలియని మా కోసం కూర్చున్న ఆ మేడమ్‌కి

నిన్న సాయంత్రం ఇక్కడ ఇంగ్లాండ్‌లో మా ఊరి కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నుంచి ఈమెయిల్ వచ్చింది. మా కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) బాకీని బెయిలిఫ్‌ల (బాకీలు వసూలు చేసేవాళ్ళ) దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్నారు. మూడు వేల పౌండ్ల పైచిలుకు చూపించినదాంట్లో వెయ్యి దాకా తగ్గించారు. మిగిలింది నెలకి 120 చొప్పున కట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. రాత్రి ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాను. అయినా ఒళ్ళంతా పులిసిపోయినట్టే ఉంది. రాసేది అటూ ఇటూ పోతే సర్దుకుని చదవండి. ఇదంతా దగ్గరుండి చేయించిన మేడమ్‌కి చెప్పాల్సింది కార్డులో రాసి ఇచ్చాను. మనవాళ్ళకి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నా.

మాది ఖమ్మం. మావారు 2023 సెప్టెంబర్‌లో ఎంఎస్సీకి ఇంగ్లాండ్ వచ్చారు. నేనూ పాపా డిపెండెంట్లుగా వచ్చాం. మిడ్‌లాండ్స్‌లో ఉంటాం, ఊరి పేరు వద్దులెండి. నేను కేర్ హోమ్‌లో చేస్తాను. 2024 వేసవిలో ఫ్లాట్ మారాం. మారిన రోజే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కొత్త అడ్రస్ ఇచ్చాం, రిఫరెన్స్ నంబర్ కూడా వచ్చింది. 2025 జనవరిలో మావారి కోర్సు అయిపోగానే యూనివర్సిటీ లెటర్ పంపాం. స్టూడెంట్‌గా ఉన్నన్నాళ్ళూ ఈ ట్యాక్స్‌కి మినహాయింపు, ఇక కట్టాలని తెలుసు. బిల్లు ఎప్పుడొస్తుందని ఫోన్ చేస్తే ప్రాసెస్‌లో ఉంది అన్నారు.

బిల్లు రాలేదు. బెయిలిఫ్‌ల లెటర్ వచ్చింది. బాకీ, కోర్టు ఖర్చులు, పైన వాళ్ళ ఫీజు 75 పౌండ్లు. గడువులోపు కట్టకపోతే ఇంటికి వస్తాం, అప్పుడు ఇంకో 235 పౌండ్లు పడుతుంది అని రాసి ఉంది. బాకీ 1,500 దాటితే ఆ పైమొత్తం మీద నూటికి ఏడున్నర చొప్పున అదనం అని కూడా ఉంది. సామాన్లు పట్టుకుపోతారన్న ముక్క చదివేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంట్లో ఏముందని పట్టుకుపోతారు? పాప మంచం, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్, మావారి లాప్‌టాప్. వాళ్ళకి ఫోన్ చేస్తే సగం ఇప్పుడే కట్టండి అన్నారు. మావారిది ఏజెన్సీ మీద వేర్‌హౌస్ పని, ఒక వారం ఉంటే ఒక వారం ఉండదు. సగం ఎక్కడి నుంచి తెస్తాం?

లైబ్రరీ వెనక హాల్లో వారానికొకసారి ఉచితంగా సలహా ఇస్తారని తెలిసి వెళ్ళాను. అక్కడ కూర్చున్న పెద్దావిడ రిటైరైన టీచర్, జీతం లేకుండా చేసే వాలంటీర్. పేరు పెట్టి పిలవమన్నారు. నాకు నోరు రాక మేడమ్ అనే పిలిచాను.

నేను తీసుకెళ్ళిన కవర్లన్నీ ఆవిడ టేబుల్ మీద తేదీల వరుసలో పరిచారు. ఒక్కొక్కటీ స్కేలు పెట్టి, లైను లైనూ చదివారు. బిల్లు, రిమైండర్, సమన్లు, అన్నీ పాత ఫ్లాట్ అడ్రస్‌కే. సమన్లలో చెప్పిన కోర్టు తేదీ ఎప్పుడో దాటిపోయింది. మేం లేకుండానే లయబిలిటీ ఆర్డర్ (బాకీ వసూలు చేసుకోవచ్చని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) ఇచ్చేశారు. అది క్రిమినల్ కేసు కాదని, బెయిలిఫ్‌లు వచ్చినా కౌన్సిల్ ట్యాక్స్ కోసం తలుపు బద్దలుకొట్టి లోపలికి రాలేరని, మనం తలుపు తీయాల్సిన పని లేదని, పొద్దున ఆరు లోపు, రాత్రి తొమ్మిది తర్వాత రాకూడదని ముందు అవి చెప్పారు. నేను రాసుకోబోతే తనే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, తలుపు లోపలివైపు అంటించుకోమన్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాత మా పాత బీఆర్‌పీ కార్డులు (వీసా వివరాలు ఉండేవి) అడిగారు. నా కార్డు మీద పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే బెనిఫిట్లు, లేవని ఉన్న లైను చూసి ఆగిపోయారు. లాప్‌టాప్‌లో ఏదో రూలు తీసి రెండుసార్లు చదివి, స్క్రీను నా వైపు తిప్పారు. ఇది మనవాళ్ళు జాగ్రత్తగా చదవాలి. ఫుల్‌టైమ్ స్టూడెంట్‌తో పాటు బ్రిటిష్ పౌరసత్వం లేని భార్య గానీ భర్త గానీ ఉండి, వాళ్ళ వీసా షరతుల ప్రకారం ఉద్యోగమైనా చేయకూడదు లేదా బెనిఫిట్లైనా తీసుకోకూడదు అని ఉంటే, వాళ్ళనీ కౌన్సిల్ ట్యాక్స్‌కి లెక్కలోకి తీసుకోరు. రెండింటిలో ఒకటి ఉన్నా చాలు. నేను కేర్ హోమ్‌లో పని చేస్తున్నా సరే, బెనిఫిట్లు తీసుకునే వీలు లేదు కాబట్టి, మావారి కోర్సు నడిచినన్నాళ్ళూ మా ఇంటికి ట్యాక్సే లేదు! కౌన్సిల్ వాళ్ళు నన్ను మామూలు ఉద్యోగస్థురాలిగా లెక్కేసి, ఫ్లాట్ మారిన రోజు నుంచీ బిల్లు వేశారు.

నేను కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్‌కి (ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఇచ్చే తగ్గింపు) అప్లై చేద్దామనుకుంటున్నానని అంటే వెంటనే వద్దన్నారు. అది పబ్లిక్ ఫండ్స్ కిందికి వస్తుంది, మన వీసాల మీద తీసుకుంటే ఇబ్బంది. స్టూడెంట్ మినహాయింపు, ఇంట్లో ఒక్కళ్ళే పెద్దవాళ్ళు ఉంటే ఇచ్చే 25 శాతం తగ్గింపు మాత్రం పబ్లిక్ ఫండ్స్ కావు, భయం లేకుండా అడగొచ్చు. ఈ తేడా తెలియక వీసా పోతుందని అసలు ఏదీ అడగనివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

ఇక మిగిలిన బాకీకి కిస్తీ ఎంత కట్టగలమో చూపించడానికి ఆదాయం, ఖర్చుల షీటు నింపాలి. అద్దె, కరెంటు, బస్ పాస్ అన్నీ రాశాను. తిండి ఖర్చు దగ్గర బాగా తగ్గించి వేశాను. ఎక్కువ చూపిస్తే, ఇంత తినేవాళ్ళకి ట్యాక్స్ కట్టడానికేం అంటారేమోనని నా భయం. ఆవిడ ఆ అంకె దగ్గర ఆగారు. పాప ఏ క్లాసు అన్నారు. పాలు తాగుతుందా అన్నారు. మీ బియ్యం ఎక్కడ కొంటారు, బస్తా ఎంత అన్నారు. నేను చెప్తూ ఉంటే పక్కన కూడుకుంటూ వచ్చి, పెన్సిల్ వెనకున్న రబ్బరుతో నా అంకె చెరిపేసి, దాదాపు రెండింతలు వేశారు. "మీరు కడుపు మాడ్చుకుని కడతామని నేను సంతకం పెట్టించలేను. అలా కట్టేది మూడో నెలకే ఆగిపోతుంది, మళ్ళీ వాళ్ళే మీ ఇంటికి వస్తారు" అన్నారు. కింద పాప బూట్లకని ఒక అంకె, స్కూల్ ట్రిప్‌కని ఒకటి తనే రాశారు. ఊళ్ళో అత్తయ్యగారికి మందుల డబ్బు పంపుతామని మాటల్లో అంటే, దానికి షీటులో గడి లేదు గానీ మీ జీవితంలో ఉంది కదా అని ఇతర ఖర్చుల కింద అదీ చేర్చారు.

నాకు అప్పటిదాకా కన్నీళ్ళు రాలేదు. బెయిలిఫ్ ఫోన్‌లో గదమాయించినప్పుడూ రాలేదు. ఆ చెరిపేసిన అంకె మీద రబ్బరు పొడిని ఆవిడ చేత్తో తుడిచి, పాప బూట్లు అని రాస్తుంటే ఆపుకోలేకపోయాను. హాల్లో అందరూ చూస్తున్నారు. ఆవిడ టిష్యూ డబ్బా నా వైపు జరిపి, ఏమీ అనకుండా లెక్క కూడుతూనే ఉన్నారు. అలా ఏమీ అనకపోవడం నాకు ఎంత మేలు చేసిందో చెప్పలేను.

తర్వాత కౌన్సిల్‌కి ఫోన్. స్పీకర్ పెట్టి, లైనులో ఎదురుచూస్తూ, తన భోజనం టైము దాటిపోతున్నా లేవలేదు. ఫైలు బెయిలిఫ్‌ల చేతికి వెళ్ళింది, వాళ్ళతోనే మాట్లాడుకోండి అని అవతలి మనిషి అంటే, "బాకీ మీది. వెనక్కి తీసుకునే అధికారమూ మీదే" అన్నారు. గొంతు పెంచలేదు. ఆ రూలు, మా రిఫరెన్స్ నంబర్, మా షీటు అన్నీ ఈమెయిల్ పెట్టి, తేలేదాకా ఎవరూ ఇంటికి రాకూడదని రాయించుకున్నారు. వాళ్ళు ఒప్పుకోకపోతే 60 రోజుల బ్రీతింగ్ స్పేస్‌కి (ఆ రోజుల్లో బాకీ వసూలుకి రాకూడదు) పెడదామన్నారు. ఇంగ్లాండ్, వేల్స్‌లో 2021 మే నుంచి ఉన్న పథకం, అప్పుల సలహాదారు ద్వారా పెట్టుకోవచ్చు. మా వరకు ఆ అవసరం రాలేదు.

మావారు, ఖర్చులకి డబ్బు పంపిన అన్నయ్య, రోజూ ఫోన్‌లో ధైర్యం చెప్పిన అమ్మ, వాళ్ళకి ఇక్కడ థ్యాంక్స్ చెప్తే తిడతారు.

ఒక్క విషయం మాత్రం మింగలేకపోతున్నాను. బిల్లు పాత ఫ్లాట్‌కి పోయింది. సమన్లు పాత ఫ్లాట్‌కి పోయాయి. వసూలుకొచ్చేవాళ్ళ లెటర్ మాత్రం సరిగ్గా కొత్త ఇంటికే వచ్చింది. మరి ఆ అడ్రస్ బిల్లు వేసేవాళ్ళకి ఎందుకు దొరకలేదు? రిమైండర్ వచ్చాక 7 రోజుల్లో ఆ కిస్తీ కట్టకపోతే, ఇంకో వారం గడిచేసరికి ఏడాది మొత్తం ఒకేసారి కట్టాలంటారు. ఒక నెల కట్టలేనివాళ్ళు ఏడాదిది ఎలా కడతారు? పైన కోర్టు ఖర్చు, బెయిలిఫ్ ఫీజు. లేనివాడి బాకీయే ఇలా పెరుగుతూ పోతుంది. ఈ పద్ధతి మార్చడం గురించి 2025లో ప్రభుత్వమే జనం అభిప్రాయాలు అడిగింది. మారితే ఎంతమంది కుదుటపడతారో! మన ఊళ్ళో ఇంటి పన్ను ఓనరు కడతాడు, ఇక్కడ అద్దెకున్నవాళ్ళు కట్టాలి. కొత్తగా వచ్చే పిల్లలకి ఇది ఎయిర్‌పోర్ట్‌లో దిగిన రోజే ఎవరైనా చెప్పాలి.

అయ్యో, ఒకళ్ళని మరిచేపోయాను. పాత ఫ్లాట్‌లో ఇప్పుడుంటున్న పంజాబీ ఆంటీ. మా పేరుతో వచ్చిన కవర్లు పారేయకుండా ఒక సంచిలో దాచి, పాప స్కూల్ గేటు దగ్గర పట్టుకుని ఇచ్చారు. ఆ సంచి లేకపోతే మేడమ్ టేబుల్ మీద పరచడానికి ఏమీ ఉండేది కాదు. ఆంటీ, మీకు తెలుగు రాదు, మీ అమ్మాయి చేత చెప్పిస్తాను.

ఇంకా థ్యాంక్స్ చెప్పాల్సింది, లైబ్రరీ హాల్ సంగతి చెప్పిన మన తెలుగు గ్రూపు అన్నయ్యకి. షిఫ్ట్ మార్చిన మా కేర్ హోమ్ మేనేజర్‌కి. యూనివర్సిటీలో కోర్సు తేదీలతో లెటర్ అదే రోజు ఇచ్చిన అమ్మాయికి. చివరికి మా ఫైలు తెరిచి సరిగ్గా చదివిన కౌన్సిల్ ఆవిడకి కూడా, పేరు చెప్పలేదు ఆవిడ. వచ్చే ఏడాది బిల్లు 10 నెలలకి కాకుండా 12 నెలలకి పరచమని అడగొచ్చని చెప్పింది ఆవిడే. అడిగితే వెంటనే మార్చారు, మీరూ అడగండి.

స్టూడెంట్ డిపెండెంట్ల రూలు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి. మేడమ్ ప్రింట్ తీసిచ్చిన పేజీ ఫోటో పంపిస్తాను. రాత్రి షిఫ్ట్‌లో ఉంటే రిప్లై ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోవద్దు.