మగవాళ్ల ఈ జబ్బు గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. నాకు 54 ఏళ్లు, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాను. మీ ఆరోగ్యం పేజీలో షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు అన్నీ వస్తాయి గానీ నాకొచ్చిన జబ్బు, మగవాళ్ల అంగం వంకరపోయే పెరోనీస్ వ్యాధి గురించి ఒక్క ముక్క కూడా ఎప్పుడూ చదవలేదు.

నిరుడు ఎండాకాలం పురుషాంగం పైభాగంలో, చర్మం కింద చింతగింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. ముట్టుకుంటే నొప్పి. రెండు నెలలకు, అంగం గట్టిపడినప్పుడు పైకి వంకర తిరగడం మొదలైంది. క్యాన్సరే అనుకున్నాను. భార్యకు చెప్పలేక వేరే పడుకున్నాను. ఎంజీఎం దవాఖాన దగ్గర్లోనే ఉన్నా అక్కడికి పోకుండా, గోడల మీద పోస్టర్లు చూసి లాడ్జిలో క్యాంపు పెట్టే ఒకాయన దగ్గరికి పోయాను. చిన్నప్పటి అలవాట్ల వల్ల నరాలు చచ్చుబడ్డాయని చెప్పి లేహ్యం, నూనె అంటగట్టాడు. ఎనిమిది నెలలు అట్లనే పోయాయి.

చివరికి యూరాలజీ డాక్టరుకు చూపించుకుంటే, ఇది పెరోనీస్ వ్యాధి, క్యాన్సర్ కాదు, నరాల బలహీనతా కాదు అన్నారు. 1743లోనే ఫ్రాన్స్ రాజుగారి సర్జన్ పెరోనీ దీని గురించి రాశాడట. అంగంలో రక్తం నిండే రెండు గొట్టాల చుట్టూ ట్యూనికా అనే గట్టి పొర ఉంటుంది, అందులో లోపలి పోగులు చుట్టూ, బయటి పోగులు పొడవునా పోతాయి అని ఆయన చెప్తుంటే నాకు పేక, పడుగు కళ్ల ముందు కనిపించాయి. ఆ పోగుల్లో ఎక్కువగా కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీను, కొంచెం ఎలాస్టిన్ అనే సాగే ప్రోటీను ఉంటాయి. మామూలప్పుడు ముడతలుగా ఉండి, రక్తం నిండేకొద్దీ సాగి, ఒక హద్దుకు రాగానే బిగుసుకుంటాయి. దాదాపు 2 మిల్లీమీటర్ల పొర అప్పుడు అర మిల్లీమీటరు దాకా పలచబడుతుందట.

ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ సరిగ్గా మానక అక్కడ కొల్లాజెన్ అడ్డదిడ్డంగా పేరుకుపోతే, ఎలాస్టిన్ తగ్గిపోతే, అది మచ్చగా గట్టిపడుతుంది, కొందరిలో సున్నం కూడా చేరుతుంది. నేతలో ఒకచోట పోగులు చిక్కుపడి ముద్దయిందనుకోండి, గుడ్డ లాగితే చుట్టూ సాగుతుంది, అక్కడ మాత్రం సాగదు, గుడ్డంతా అటే గుంజుకుపోతుంది. నాకు జరిగింది అచ్చం అదే. అది పైన పూసే నూనెతో కరిగేది కాదు.

షుగరు ఉన్నవాళ్లకు, అరచేతిలో వేళ్లు ముడుచుకుపోయే జబ్బు ఉన్నవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మొదట్లో నొప్పి, వంకర మారుతూ ఉంటాయి, ఏడాది అటూఇటూగా స్థిరపడతాయి, ఆపరేషన్ అవసరమైతే ఆ తర్వాతే. కొల్లాజెన్‌ను కరిగించే ఇంజెక్షన్‌కు 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంకో సంగతి, గట్టిపడి ఉన్నప్పుడు టప్పుమని చప్పుడొచ్చి, వాచి నల్లబడితే ఆ పొర చినిగిందనే అర్థం. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే దవాఖానకు పోవాలి.

మగతనం పెంచుతామనే ప్రకటనలు వేయకూడదని 1954 నుంచే చట్టం ఉంది, అయినా గోడల మీద, పేపర్లలో ఆగడం లేదు. మీరు అలాంటివి తీసుకోకండి. ఒక ఆదివారం యూరాలజీ డాక్టరుతో ఈ జబ్బు గురించి దాచకుండా రాయించండి. ఉత్తరం కింద నా పేరు వేయకండి, కొత్తవాడ అని మాత్రం తప్పకుండా వేయండి, మా దగ్గర మగ్గాల కాడ పేపరు చదివేవాళ్లు చాలామంది ఉన్నారు.

– ఒక నేత కార్మికుడు, కొత్తవాడ, వరంగల్