హాస్టల్ మ్యాప్ తెరుచుకోవడం లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ మధ్య పత్రికల్లో 'గేమ్' అనే మాట కనబడితే అది రమ్మీ యాప్‌ల గురించో, వాటివల్ల అప్పులపాలైన ఇళ్ల గురించో అయి ఉంటోంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. దాని మీద నాకు పేచీ లేదు. కానీ పైసా చేతులు మారని ఆటలు కూడా ఉన్నాయి. వాటికోసం కుర్రాళ్లు నిద్ర మానుకుని చేసి, ఊరికే పంచిపెట్టిన పని చాలా ఉంది. అది మన కళ్లముందే పోతోంది. పోకుండా చూద్దామంటే కాపీరైట్ చట్టంలో ఒక మెలిక అడ్డంగా ఉంది. ఈ ఉత్తరం దాని గురించే.

నేను 2003 నుంచి 2011 వరకు గుంటూరు అరండల్‌పేటలో నెట్ సెంటర్ నడిపాను. పన్నెండు సిస్టమ్‌లు, గంటకు 15 రూపాయలు. బోర్డు మీద 'ఇంటర్నెట్, జిరాక్స్, రిజల్ట్స్' అని ఉండేది గానీ, షాపు అద్దె కట్టింది మాత్రం కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ ఆటే. సాయంత్రం ఆరయ్యేసరికి కోచింగ్ బ్యాగులన్నీ కుర్చీల కిందకు చేరేవి. "అన్నా, ఐస్‌వరల్డ్ పెట్టన్నా" అని ఒకడు, "వద్దన్నా, పూల్ డే" అని ఇంకొకడు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే క్షమించాలి.

ఆట తెలియనివారికి రెండు మాటలు. రెండు జట్లు తుపాకులతో కాల్చుకునే ఆట ఇది. ఆ కాల్చుకునే చోటును, అంటే సందులు, గోడలు, మెట్లు కలిసిన స్థలాన్ని మ్యాప్ అంటారు. పిల్లలు అడిగిన ఐస్‌వరల్డ్, పూల్ డే అలాంటి మ్యాపులే. ఈ ఆట అసలు కంపెనీలో పుట్టనే లేదు. 1998లో వాల్వ్ అనే అమెరికా కంపెనీ 'హాఫ్ లైఫ్' విడుదల చేస్తే, దాని మీద మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు 1999లో సొంతంగా కౌంటర్ స్ట్రైక్ తయారుచేశారు. మరుసటి ఏడాది వాల్వ్ దాన్ని తనదిగా అమ్మకానికి పెట్టింది. ప్రపంచమంతా ఆడిన 'డస్ట్2' మ్యాప్‌ను 2001లో చేసింది డేవ్ జాన్‌స్టన్ అనే ఇంగ్లండ్ అభిమాని. అప్పట్లో నా దగ్గర ఆడిన వాళ్లను ఈరోజు అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా, ఆ మ్యాపులో లాంగ్ అనే దారి ఎటు, టనెల్ ఎటు అన్నది చెప్పేస్తారు.

డస్ట్2కు వచ్చిన ప్రమాదమేమీ లేదు. కంపెనీ చేతిలో పడింది, బతికింది. పేరు రాని వేల మ్యాపులది వేరే కథ. అవి ఎవరి సీడీలోనో, ఏ షాపు హార్డ్ డిస్కులోనో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వాటిని పెట్టిన సైట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎవరైనా సొంత పేజీ పెట్టుకోగలిగిన జియోసిటీస్ సైటును 2009లో మూసేసినప్పుడు లక్షల సొంత పేజీల గతి ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

నా షాపులోనే ఒక మ్యాప్ పుట్టింది. బీటెక్ రెండో ఏడాది చదివే కుర్రాడు 2004 వేసవి సెలవుల్లో తను ఉండే ప్రైవేటు హాస్టల్‌ను ఉన్నదున్నట్టు కట్టాడు. మూడంతస్తులు, వరండా చివర పంపు, డాబా మీద నీళ్ల ట్యాంకు. బాంబు పెట్టే చోటు వంటగది. మెస్ గోడను డిజిటల్ కెమెరాతో ఫొటో తీసి మ్యాపులో గోడకు అతికించాడు. దగ్గరికి వెళ్లి చూస్తే మెనూ బోర్డు మీద 'ఆదివారం చికెన్' అని చాక్‌పీసుతో రాసిన అక్షరాలు కనబడేవి. 'చికెన్'లో సున్న పెట్టి మళ్లీ చెరిపిన మరకతో సహా. ఆ వారమంతా నా షాపులో ఇంకో మ్యాప్ పెట్టనివ్వలేదు.

ఆ హాస్టల్ ఇప్పుడు లేదు. అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. మొన్న అటక మీద దొరికిన పాత హార్డ్ డిస్కును మా అబ్బాయి అడాప్టర్ పెట్టి తెరిచాడు. మ్యాప్ ఫైలు ఉంది! సంబరంగా ఆటలో తెరవబోతే, హాస్టల్.వాడ్ దొరకలేదని ఎర్రర్ చూపించి గేమ్ మూసుకుపోయింది. ఈ మ్యాపులతో ఉన్న తంటా ఇదే. గోడలు ఒక ఫైలులో ఉంటాయి, గోడల మీది బొమ్మలు ఇంకో ఫైలులో. హాస్టల్.వాడ్ ఆ బొమ్మల ఫైలే. చేసినవాడు రెండూ కలిపి కట్టకపోతే, రెండోది పోయిన రోజున మొదటిదీ పనికిరాదు. డిస్కును తుడిచి దాచుకుంటే సరిపోదన్నది నాకు ఆరోజు తెలిసింది.

ఈ దాచే పనిని చక్కగా చేసినవాళ్లు ఉన్నారు. ఐడీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 1993 డిసెంబర్‌లో 'డూమ్' అనే ఆట విడుదల చేసినప్పుడు, అభిమానులు మార్చుకోవడానికి వీలుగా మ్యాపులు, బొమ్మల్ని ఆట ప్రోగ్రాంతో కలపకుండా విడి ఫైలులో పెట్టింది. 1997లో ప్రోగ్రాం కోడ్ కూడా బయటపెట్టింది. అందుకే ముప్పై ఏళ్ల కిందటి డూమ్ మ్యాపులు ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లలోనూ తెరుచుకుంటున్నాయి. ఆ మ్యాపుల్ని అభిమానులే ఒక భాండాగారంగా దాచి, పలుచోట్ల నకళ్లు ఉంచారు. అక్కడ మ్యాప్ పెట్టాలంటే దానితోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు నింపాలి. పేరేమిటి, చేసిందెవరు, ఎవరి దగ్గర ఏం తీసుకున్నారు, దీన్ని మార్చి వాడుకోవచ్చా, ఇంకొకరికి పంచొచ్చా... ఇలాంటివన్నీ అందులో రాయాలి. మన తాళపత్రాల చివర లేఖకులు 'చూసింది చూసినట్టు రాశాను, తప్పుంటే నన్ననకండి' అని రాసుకునేవారు కదా, ఆ ఫైళ్లు చదువుతుంటే నాకు అదే గుర్తొస్తుంది. కాకపోతే డూమ్ కుర్రాళ్లు కింద అమ్మకు, స్నేహితులకు థ్యాంక్స్ కూడా చెప్పుకున్నారు.

ఇక మన చట్టం సంగతి. నాకు తెలిసిన లాయరు ఒకాయన చూపిస్తే చదివాను. 2012 సవరణతో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మంచి వెసులుబాటు ఒకటి వచ్చింది. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ ఏ రచననైనా భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. షరతు ఏమిటంటే, దాని డిజిటల్ కాని ప్రతి ఆ లైబ్రరీ దగ్గర అప్పటికే ఉండాలి. పుస్తకానికి ఇది బాగానే ఉంది. హాస్టల్ మ్యాప్‌కు డిజిటల్ కాని ప్రతి ఎక్కణ్నుంచి తేవాలి? అది పుట్టిందే కంప్యూటర్‌లో. లైబ్రరీలకు తప్పనిసరిగా ప్రతులు పంపాలన్న 1954 నాటి చట్టం కూడా పుస్తకాలు, పత్రికల దగ్గరే ఆగిపోయింది.

కాపీరైట్ ఎంతకాలం అంటారా? చేసినవాడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. 1985లో పుట్టిన మా హాస్టల్ మ్యాప్ కుర్రాడు ఎనభై ఏళ్లు బతికాడనుకుంటే (బతకాలి!), ఆ మ్యాప్ 2125 దాకా హక్కుల కిందే ఉంటుంది. నా హార్డ్ డిస్కు ఇప్పటికే టకటకమంటోంది.

హక్కులు వద్దని నేననడం లేదు. ఈ మ్యాపుల్లో వేరే సినిమాల నుంచి, ఆటల నుంచి ఎత్తుకొచ్చిన బొమ్మలూ ఉన్నాయని తెలుసు. నా షాపులో నడిచిన ఆట కాపీలన్నీ కొన్నవేనని కూడా చెప్పలేను. కానీ అమ్ముకోవడం వేరు, దాచి ఉంచడం వేరు. ఆ సెక్షన్‌లో 'డిజిటల్ కాని ప్రతి' అన్న షరతును, డిజిటల్‌గానే పుట్టిన పనులకు తీసేస్తే చాలు. గేమింగ్, యానిమేషన్ రంగాల కోసం 2022 బడ్జెట్‌లో టాస్క్‌ఫోర్స్ ప్రకటించారు. అప్పట్నుంచి స్టూడియోలు, ఉద్యోగాల మాటే వింటున్నాం. ఈ పాత సరుకు గురించి కూడా ఎవరో ఒకరు ఎంపీల చెవిన వేస్తే బాగుంటుంది.

చట్టం మారేలోపు మ్యాపులు చేసినవాళ్లే ఒక పని చేయొచ్చు. మీ పాత ఫైళ్లు ఉంటే, 'డబ్బు తీసుకోకుండా ఎవరైనా దాచుకోవచ్చు, పంచుకోవచ్చు' అని టెక్స్ట్ ఫైలులో ఒక్క వాక్యం రాసి, బొమ్మల ఫైలుతో కలిపి జిప్ చేసి నలుగురికి ఇవ్వండి. హాస్టల్ మ్యాప్ చేసిన కుర్రాడికి ఫోన్ చేస్తే నవ్వి, "అన్నా, నువ్వింకా దాచావా! ఎవరికి కావాలంటే వాళ్లకిచ్చెయ్" అన్నాడు. వాడి దగ్గర మాత్రం ఏమీ మిగల్లేదు.

ఆ రోజుల్లో చాలామంది ఆ మ్యాప్‌ను సీడీల్లో రాయించుకుని పట్టుకెళ్లారు. 2004, 2005లలో అరండల్‌పేటలో ఆడిన వారెవరి దగ్గరైనా హాస్టల్.వాడ్ అనే ఫైలు ఉంటే, దయచేసి ఈ పత్రిక ద్వారా తెలియజేయగలరు. రెండు ఎంబీ కూడా ఉండదు.

ఇట్లు,
ఒక పాత నెట్ సెంటర్ యజమాని,
గుంటూరు.