మన స్టాండు అన్న కిడ్నీ ఆపరేషన్‌కు పోగైన డబ్బు: జమా ఖర్చుల వివరణ

కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరి మన ఆటోస్టాండు అన్న కోసం మీరిచ్చిన డబ్బుకు లెక్క ఇది. ఇంటివాళ్ళు వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు.

జమ: స్టాండులో 46 మంది తలా 500 చొప్పున 23,000. చుట్టుపక్కల అంగళ్ళ నుంచి 18,400. ఫోన్‌పేలో 31,250. స్టాండులో పెట్టిన డబ్బాలో 3,870. అందులో సగం పది రూపాయల బిళ్ళలే, లెక్కపెట్టేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. మొత్తం 76,520.

అందరూ అడుగుతున్నది ఒకటే: స్కానింగ్ అయ్యాక మళ్ళీ 7,500 పెట్టి సీటీ ఎందుకని. మొదటి స్కానింగ్‌కు 1,200 అయింది, కిడ్నీలో నీటితిత్తి ఉందన్నారు. వయసు పైబడిన చాలామందికి అవి ఉంటాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. ఈ తిత్తికి మాత్రం గోడ మందంగా ఉంది, లోపల అడ్డుపొరలు కూడా. సంగతి తేలాలంటే నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ తీయాలి. దానికి ముందు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ చూడాలి, రక్తపరీక్షల 2,350 అందుకే. డాక్టరుగారు పెన్ను మొనతో చూపించారు: మందు ఎక్కాక పొర తెల్లగా వెలిగింది. అంటే దానికి రక్తం అందుతోందన్నమాట, అనుమానం అక్కడే. రిపోర్టులో 'బోస్నియాక్ 3' అని రాశారు; తిత్తి క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే అంకె అది. ఒకటి, రెండు అయితే భయం లేదు, నాలుగైతే చాలావరకు క్యాన్సరే. మూడులో దాదాపు సగం క్యాన్సర్‌గా తేలతాయట.

సూదితో ముక్క తీసి చూడకూడదా అని హైదరాబాదులో ఇంకో డాక్టరును అడిగి వచ్చాం. ఇద్దరికి దారిఖర్చులు, ఫీజు కలిపి 5,600. తిత్తిలో గట్టి భాగం తక్కువ, సూదికి ఏమీ దొరకలేదని క్యాన్సర్ లేదనుకోలేం అన్నారు.

ఆపరేషన్ బిల్లు ఆరోగ్యశ్రీ కార్డు మీదే పోయింది. కిడ్నీ మొత్తం తియ్యలేదు, తిత్తి ఉన్న మేరకే కోశారు. తీసిన ముక్క పరీక్షలో క్యాన్సరేనని తేలింది, అంచుల్లో మాత్రం ఏమీ లేదు. స్లైడ్లు బయట ఇంకోసారి చూపించినందుకు 3,500. కీమో ఖర్చు ఏదని అడిగినవాళ్ళకు: కిడ్నీ క్యాన్సర్‌కు మామూలు కీమో పెద్దగా పనిచెయ్యదు, పైగా ఉన్నదంతా తీసేశారు.

బయట కొన్న మందులు 6,480. 11 రోజులు తోడున్నవాళ్ళ తిండికి 4,950. ఆటో ఫైనాన్సు కంతులు రెండు, 16,400. దీనిమీద కమిటీలో గొడవే అయింది. బండి పట్టుకుపోతే కోలుకున్నాక ఏం తోలతాడని కట్టేశాం. బిల్లు లేనిది 600: స్ట్రెచర్ తోసినవాళ్ళ చేతిలో మూడుసార్లు పెట్టాల్సి వచ్చింది. ఎవరైనా ఒప్పుకోకపోతే మా జేబులోంచి వేస్తాం.

మొత్తం ఖర్చు 48,580. మిగిలిన 27,940 బ్యాంకులో ఉంది, మళ్ళీ వచ్చిందేమో చూసుకోవడానికి ఇకపై తీయించాల్సిన సీటీలకు వాడతాం. బిల్లుల ఫైలు స్టాండు పక్క టీ అంగట్లో ఉంది, టీ మరక మాది.