ఒక్కడే కదా అనుకుంటే ఎలా?

సంపాదక మహాశయులకు,

సోలో నాటకోత్సవం గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ‘ఒకే నటుడు, 11 పాత్రలు’ అని శీర్షిక పెట్టారు. నాటకం దేని గురించో వార్త మొత్తం వెతికినా కనపడలేదు. మిమ్మల్నొక్కరినే అనడం ఎందుకు, ఇలాంటి ఉత్సవాల కరపత్రాల్లోనూ ఇదే వరస: ఎన్ని పాత్రలు, ఎన్ని గొంతులు, ఎన్ని నిమిషాలు ఏకధాటిగా. పిలుస్తున్నది నాటకానికా, బరువులెత్తే పోటీకా?

పాత్రలు ఎక్కువైతే తప్పని కాదు. మరాఠీ నటుడు లక్ష్మణ్ దేశ్‌పాండే ‘వర్హాడ్ నిఘాలయ్ లండన్‌లా’లో 50కి పైగా పాత్రలు ఒక్కరే వేసేవారు. జనం ఏళ్ల తరబడి విరగబడి చూసింది ఆ లెక్క కోసం కాదు, పెళ్లికని లండన్ బయల్దేరిన పల్లెటూరి వాళ్ల హడావుడి కోసం. ఇంకోవైపు ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటకం ‘క్రాప్స్ లాస్ట్ టేప్’ (1958) ఉంది. అందులో ఉన్నదల్లా 69 ఏళ్ల ముసలాయన, ఒక టేప్‌రికార్డరు. 39 ఏళ్లప్పుడు తాను రికార్డు చేసిపెట్టుకున్న మాటలు వింటూ కూర్చుంటాడు. చాలాసేపు వినడమే నటన. పాత్రల లెక్కన చూస్తే దానికొచ్చేది ఒక్క మార్కే!

అసలు ఈ కళ ఎక్కడుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. తండ్రీ చిన్న కూతురూ మాట్లాడుకుంటున్నారనుకోండి. నటుడు గొంతు సన్నం చేసి ముద్దుముద్దుగా మాట్లాడక్కర్లేదు. తండ్రిగా ఉన్నప్పుడు చూపు నడుమెత్తుకు దిగుతుంది, పాపగా మారగానే గడ్డం పైకి లేస్తుంది. రెండోసారి ఆ చూపు కాస్త ఎత్తున పడిందా, పాప మన కళ్లముందే ఎదిగిపోయినట్టుంటుంది. సంస్కృతంలో దశరూపకాల్లో, అంటే పది రకాల నాటకాల్లో, ఒకటైన భాణం నడిచేది ఇలాగే. రంగం మీద ఉండేది ఒక్కడే. ‘ఏమంటున్నావు?’ అని అడిగి, కనపడని మనిషి చెప్పిన జవాబును తానే మనకు వినిపించి, దానికి బదులు చెబుతాడు. మిమిక్రీ మీద నాకు కోపం లేదు, అది వేరే విద్య. దాని కొలబద్ద తెచ్చి దీనికి పెట్టడమే బాగాలేదు.

‘ఒక్కడే కదా’ అన్న ఈ చూపే ఏర్పాట్లనూ పాడుచేస్తోంది. ఒక్కడే కదా, కుర్చీ వేస్తే చాలనుకుంటారు. రోజుకు ఐదారు ప్రదర్శనలు కుక్కేస్తారు. లైట్ల రిహార్సల్‌కు టైం ఉండదు. సోలోలో నటుడికి తోడున్నది లైట్లు, సౌండు చూసే మనిషే. పదిమంది ఆడే నాటకంలో ఒకరు మాట మరిచిపోతే పక్కవాడు అందుకుంటాడు. ఇక్కడ అందుకునేవాళ్లుండరు. ఒక ఉత్సవంలో కళ్లారా చూశాను. తల్లి చనిపోయే ఘట్టంలో లైటు ఆరాలి. ఆరలేదు. ఆ నటి నేల మీద అలాగే పడుకుని ఎదురుచూసి, చివరికి తానే లేచి చీర సర్దుకుని తరువాతి దృశ్యంలోకి నడిచింది. హాల్లో నవ్వులు. చప్పట్లు కూడా పడ్డాయి, అది వేరే సంగతి.

స్కాట్లండ్‌లో 1947లో మొదలైన ఎడిన్‌బరో ఫ్రింజ్ కళోత్సవంలో మాత్రం ఒకే గదిలో రోజంతా ఒకదాని వెంట ఒకటి ఆడటం లేదా అని నిర్వాహకులు అనొచ్చు. నిజమే. కానీ అక్కడ చాలామంది అదే నాటకాన్ని మూడు వారాలకు పైగా రోజూ ఆడతారు. మొదటిరోజు తప్పు రెండోరోజు సర్దుకుంటుంది. ఒకే ఒక్కసారి ఆడి వెళ్లిపోయేవాళ్లకు ఆ వీలెక్కడిది? ఆ ఫ్రింజ్‌లోనే 2013లో ఆడి తర్వాత టీవీ సీరీస్‌గా పేరుపడ్డ సోలో నాటకం ‘ఫ్లీబ్యాగ్’ పుట్టింది పది నిమిషాల చిన్న ముక్కగా. కాబట్టి చిన్నవాటికీ చోటివ్వండి, విడిగా ఒక పూట పెట్టండి. గంట నాటకాన్ని మాత్రం ఇరవై నిమిషాలకు కత్తిరించమని అడగొద్దు.

నిర్వాహకులు రోజుకు రెండు నాటకాలకు మించి పెట్టకుండా, ప్రతి బృందానికీ (అవును, బృందమే) అదే స్టేజీ మీద లైట్లతో ఒక పూర్తి రిహార్సల్ ఇవ్వాలని కోరుతున్నాను. కరపత్రంలో నటుడి ఫొటో కింద రచయిత, దర్శకుడు, లైటింగ్ చేసినవారి పేర్లు కూడా వేయాలి. మీ విలేకరులు కథేమిటో రెండు వాక్యాలైనా రాస్తే, వెళ్లాలో వద్దో మేం తేల్చుకుంటాం.

ఇట్లు,
ఒక నాటక ప్రేక్షకుడు