ఏప్రిల్‌లో నేనన్న మాట

ఇర్వింగ్, టెక్సస్
జూలై 13, 2025

చిన్నా,

ఈ సంగతి ఫోన్లో చెబుదామంటే కుదరడం లేదు. నేను మొదలుపెట్టగానే నువ్వు "సర్లే అమ్మా, వదిలేయ్" అంటావు, నేనూ వదిలేస్తాను. అందుకే ఆదివారం పొద్దున్నే, మీ నాన్న లేవకముందే, కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఏప్రిల్‌లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో టైటిల్ తేల్చే ప్లేఆఫ్స్ మొదలయ్యే ముందు నువ్వు ఫోన్ చేశావు. నీ స్కూలు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఈసారి టైటిల్ కొట్టే సత్తా ఎవరికుందని పెద్ద వాదన నడుస్తోందన్నావు. ఓక్లహోమా సిటీ, బోస్టన్, క్లీవ్‌లాండ్, ఆ మూడు పేర్లు దాటి ఎవరూ పోవడం లేదన్నావు. నువ్వు ఇండియానా పేసర్స్ పేరెత్తితే నవ్వారన్నావు. అప్పుడు నేను "మీ పేసర్స్ రెండో రౌండు దాటితే అదే గొప్ప" అన్నాను. నువ్వు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "భోజనం అయిందా" అని మాట మార్చావు.

ఆ మాట మూడు నెలలుగా నన్ను గుచ్చుతోంది. అంచనా తప్పినందుకు కాదు, అంచనాలు ఎవరివైనా తప్పుతాయి. ఆ "మీ" అన్న మాటకు. నీకు ఐదేళ్ళప్పటి నుంచీ ఈ ఇంట్లో "మన డాలస్ మావెరిక్స్" తప్ప ఇంకో మాట లేదు. ఫిబ్రవరిలో మనవాళ్ళు తమ స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్‌ను లేకర్స్ జట్టుకి ఇచ్చేశాక నువ్వు డాలస్ ఊసెత్తడం మానేశావు. ఉద్యోగం ఇండియానాపొలిస్‌లో కదా, అక్కడి జట్టు మీద మనసు పెట్టుకున్నావు. నా కొడుకు ఇంటికి ఇంకాస్త దూరమైపోయాడనిపించింది నాకు. ఆ దిగులే ఆ రోజు ఆటమీద తీర్పుగా బయటికొచ్చింది. అది ఆట తెలిసిన మనిషి చెప్పిన మాట కాదు.

నాకు ఆట తెలుసు. విజయవాడలో కాలేజీ జట్టుకి మూడేళ్ళు ఆడాను. సిమెంటు కోర్టు, ఎండకి అరికాళ్ళు కాలేవి. మా జట్టులో ఒక పొడుగాటి అమ్మాయి ఉండేది. బంతి తనకి అందిస్తే చాలు, రెండు పాయింట్లు వచ్చినట్టే. ఆ ఏడు అందరినీ ఓడించుకుంటూ ఫైనల్ దాకా వెళ్ళాం. అక్కడ అవతలి వాళ్ళు ఇద్దరమ్మాయిల్ని తన మీదే కాపలా పెట్టారు. మిగతా నలుగురికీ బంతి దొరికింది, ఏం చేయాలో తోచలేదు. ఆ నలుగురిలో నేనొకదాన్ని. ఒక జట్టు ఎంత గట్టిదో చూడాలంటే దానికి బాగా అలవాటైన పని చేయనివ్వకుండా అడ్డుపడి చూడాలని ఆ రోజు తెలిసింది.

రెగ్యులర్ సీజన్‌లో అలా అడ్డుపడే తీరిక ఎవరికీ ఉండదు. 82 ఆటలు, రాత్రికో ఊరు, రోజుకో ప్రత్యర్థి. ప్లేఆఫ్స్‌లో ఒకే జట్టు నాలుగు నుంచి ఏడుసార్లు ఎదురవుతుంది, ముందు నాలుగు గెలిచినవాళ్ళే నిలుస్తారు. రెండో ఆటకల్లా నీ ప్రతి ఎత్తుగడా వాళ్ళకి కంఠతా వచ్చేస్తుంది. డిఫెన్స్‌లో నీ జట్టులో ఎవరు బలహీనమో చూసి, ప్రతిసారీ ఆట వాడి మీదికే తెస్తారు.

2007 గుర్తుందా? నీకు గుర్తుండదు, ఐదేళ్ళవాడివి. మావెరిక్స్ 67 గెలిచి 15 ఓడారు. మన డర్క్ నొవిట్స్కీకి ఆ ఏడే ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు. మొదటి రౌండులో ఎదురైంది ఎనిమిదో సీడ్, అంటే మన వైపు ప్లేఆఫ్స్‌కి వచ్చినవాళ్ళలో ఆఖరి ర్యాంకు జట్టు, గోల్డెన్ స్టేట్. వాళ్ళ కోచ్ డాన్ నెల్సన్ అంతకు రెండేళ్ళ ముందు వరకూ మన కోచే. డర్క్‌కి ఎక్కడ చెయ్యాడుతుందో, ఎక్కడ ఆడదో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మొదటి ఆటకే మనవాళ్ళు అలవాటైన సెంటర్‌ని కూర్చోబెట్టి, వాళ్ళలాగే చిన్న జట్టుతో దిగారు. 67 ఆటలు గెలిచిన జట్టు ఎనిమిదో సీడ్‌ని చూసి తన రూపం మార్చుకుంది! అప్పుడే నాకు భయం వేసింది. ఆరో ఆటలో డర్క్ 13 షాట్లు వేస్తే రెండే పడ్డాయి. 4-2తో ఇంటికొచ్చారు. ఎంవీపీ ట్రోఫీ ఆ తర్వాత చేతికిచ్చారు. ఆయన మొహం చూడలేక టీవీ కట్టేశాను.

ఛాంపియన్ కావాల్సిన జట్టు 20 ఆటలు ఓడకముందే 40 గెలవాలని పేరున్న కోచ్ ఫిల్ జాక్సన్ కొలత ఒకటుంది. మంచి కొలతే. కానీ 2007 మావెరిక్స్ ఆ గీత ఎప్పుడో దాటేశారు. 2016లో 73 గెలిచి 9 ఓడిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం పోగొట్టుకున్నారు. మరోపక్క 1995లో హ్యూస్టన్ ఆరో సీడ్‌గా, 47 గెలిచి 35 ఓడిన జట్టుగా టైటిల్ ఎత్తుకుపోయింది.

ఇక 2011. అది నీకు గుర్తుండి తీరాలి. పోర్ట్‌లాండ్‌తో నాలుగో ఆటలో 23 పాయింట్ల ఆధిక్యం చేతులారా జారవిడిచాం. అప్పుడు మీ నాన్న "అయిపోయింది, మళ్ళీ అదే కథ" అన్నారు. నువ్వు మంచం కింద దూరి ఏడ్చావు. ఆ తర్వాత రెండు ఆటలూ గెలిచి, లేకర్స్‌ని 4-0తో ఊడ్చేశారు. ఫైనల్స్‌లో మయామీ 2-1 ఆధిక్యంలో ఉండగా నాలుగో ఆటకి మన కోచ్ రిక్ కార్లైల్ ఒక పని చేశాడు. జట్టులో అందరికంటే పొట్టివాడు, బెంచీ మీంచి వచ్చే బరేయాని మొదటి ఐదుగురిలో దింపాడు. నెల్సన్ ముందు మనం రూపం మార్చుకున్నది భయంతో. ఇది అలాంటిది కాదు, అవతలివాళ్ళు ఊహించని చోట పోటు పొడవడానికి. ఆ రాత్రి డర్క్ 101 డిగ్రీల జ్వరంతో ఆడాడు. 86-83. అక్కణ్ణుంచి వరుసగా మూడూ మనవే, టైటిల్ మనదే. ఊరేగింపు రోజు తొమ్మిదేళ్ళవాడివి, భుజాలెక్కే వయసు దాటిపోయినా మీ నాన్న భుజాలు దిగలేదు.

ఆ కార్లైలే కదరా ఇప్పుడు పేసర్స్ కోచ్! నాకు ఎందుకు తట్టలేదో. 10 గెలిచి 15 ఓడిన మొదలు చూశాను గానీ, తర్వాత 50-32కి చేరిన తీరు చూడలేదు. పదిమందిని తిప్పి తిప్పి ఆడిస్తూ, అవతలివాళ్ళని కోర్టంతా పరిగెత్తిస్తున్నాడని గమనించలేదు. అలా పరిగెత్తించినందువల్లే కదా, చివరి నిమిషాల్లో కాళ్ళు బరువెక్కేది వాళ్ళకి, తేలిగ్గా ఉండేది వీళ్ళకి. 64 ఆటలు గెలిచిన క్లీవ్‌లాండ్ 4-1తో పోయింది. న్యూయార్క్ మీద, వాళ్ళ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు నిమిషాలు కూడా లేవు, 14 పాయింట్లు వెనక, పేసర్స్ ఆటగాడు నెస్మిత్ వరసపెట్టి త్రీలు, అంటే దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు, వేశాడు. ఓక్లహోమా సిటీ థండర్‌తో ఫైనల్స్ మొదటి ఆటలో 0.3 సెకండ్లు ఉండగా పేసర్స్ నాయకుడు హాలిబర్టన్ షాట్ పడేదాకా పేసర్స్ ఒక్కసారి కూడా ముందుకి రాలేదు.

నీ స్నేహితులు అదృష్టం అంటున్నారట. క్లీవ్‌లాండ్‌లో దెబ్బలు తగిలినవాళ్ళున్నారు, బోస్టన్ స్టార్ టేటమ్‌కి మడమ వెనకుండే ఎకిలీస్ నరం తెగింది, నిజమే. ఒకసారి జరిగితే అదృష్టం అని నేనూ ఒప్పుకుంటాను. మిల్వాకీ, క్లీవ్‌లాండ్, న్యూయార్క్, ఓక్లహోమా సిటీ, నలుగురి మీదా ఓడిపోయిన ఆటని లాగి గెలిచిన జట్టుకి అది అలవాటు. వాళ్ళకి చెప్పు, మా అమ్మ అంది అని చెప్పు.

ఫైనల్స్ ఏడో ఆట మొదటి క్వార్టర్‌లో హాలిబర్టన్ పడిపోయి అరచేత్తో నేలని కొట్టినప్పుడు నేను లేచి నిలబడిపోయాను. అప్పటికే మూడు త్రీలు వేశాడు. పిక్క దెబ్బతోనే దిగాడు. ఆయన లేకపోయినా సగం ఆటకి ఒక్క పాయింటు ముందున్నారు చూడు, ఆ ఒక్క పాయింటు చాలు నాకు. 68 ఆటలు గెలిచిన థండర్‌తో, వాళ్ళ ఊళ్ళో, తమ నాయకుడు లేకుండా. 103-91తో ఓడిపోయారు. టైటిల్‌కి తగిన జట్టు కాదని నేను ఇక అనలేను. ఆ రాత్రి నీకు ఫోన్ చేయాలని మూడుసార్లు తీశాను. ఏడుస్తుంటావేమోనని చేయలేదు. చేయాల్సింది.

వచ్చే సీజన్ హాలిబర్టన్ ఆడడు, పేసర్స్ సెంటర్ టర్నర్ మిల్వాకీకి వెళ్ళిపోయాడు. మీ గ్రూపులో ఇండియానా పేరు ఎవరూ ఎత్తరు. ఇక్కడ మనకి కూపర్ ఫ్లాగ్ అనే పద్దెనిమిదేళ్ళ పిల్లాడొచ్చాడు, మన కైరీ అర్వింగ్ మోకాలు ఇంకా మానాలి. అక్టోబర్లో ఎవరు గట్టివాళ్ళో నీ లెక్క నువ్వే ముందు చెప్పు. అంతా విన్నాకే నేను మాట్లాడతాను. డిసెంబర్లో నేనూ మీ నాన్నా నీ దగ్గరికి వస్తాం, ఒక ఆటకి టికెట్లు తీయించు. పై వరసల్లోవైనా ఫర్వాలేదు, మన పేసర్స్‌ని ఒకసారి దగ్గరుండి చూడాలి.

ప్రేమతో,
అమ్మ