సెలవుల తేదీలు తెలుసు, రికార్డు షీటు సంగతి చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో ప్రాథమిక పాఠశాలల పిల్లల తల్లిదండ్రులకు ముఖ్య సూచనలంటూ ఒక వార్త వేశారు. చివరి పనిదినం ఏప్రిల్ 23, బడులు తెరిచేది జూన్ 12, పిల్లల్ని ఎండలో తిరగనివ్వద్దు, చెరువులు బావుల వైపు పంపొద్దు, మజ్జిగ తాగించండి. పక్కన అధికారి గారి ఫొటో. ఏప్రిల్ ఎండలో పిల్లలకు మజ్జిగ పోయాలని మన తల్లులకు సర్క్యులర్ ఇచ్చి చెప్పాలా? చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. అవి 23వ తేదీ లోపలే అడిగి తీసుకోవాల్సినవి, గేటుకు తాళం పడ్డాక దొరకనివి.

మొదటిది రికార్డు షీటు, అంటే ప్రాథమిక బడి టీసీకి బదులు ఇచ్చే కాగితం. ఐదో తరగతితో ఆగిపోయే మండల పరిషత్ బడుల్లో ఆరుకు వెళ్లే ప్రతి పిల్లకీ ఇది కావాలి. హెచ్‌ఎం సంతకం, బడి ముద్ర రెండూ ఉండాలి. అది చేతికి రాగానే మడిచి జేబులో పెట్టుకోకుండా అక్కడే నిలబడి చదవాలి. అడ్మిషన్ నంబరు ఉందా, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా, తండ్రి పేరు, తల్లి పేరు, కులం సరిగా పడ్డాయా, పుట్టుమచ్చలు రెండూ రాశారా అని చూసుకోవాలి. పుట్టుమచ్చలు కూడా చూడాలా అని నవ్వకండి, పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా, అదే నామినల్ రోల్స్ దాకా అవే నడుస్తాయి. తప్పుంటే ఆ రోజే అడ్మిషన్ రిజిస్టరు తీయించి, జనన ధ్రువపత్రం పక్కన పెట్టి, దిద్దడానికి దరఖాస్తు ఇవ్వాలి. ఒకప్పుడు పంతుళ్లు వయసు సరిపెట్టడానికి ఊళ్లో సగం మందికి జూన్‌లోనే పుట్టినరోజు పెట్టేవారు, దానితోనే ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆధార్ కాలంలో ఆ ఆటలు సాగవు.

రెండోది పెన్ నంబరు. బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే కేంద్రం పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ప్రతి పిల్లవాడికీ 11 అంకెల శాశ్వత సంఖ్య ఉంటుంది. ఏడాది చివర పాత బడి ఆ పోర్టల్‌లో పిల్లవాడు ఏ తరగతి పూర్తి చేశాడో, మార్కుల శాతం ఎంతో, ఎన్ని రోజులు బడికొచ్చాడో ఎక్కించి, ఇక్కడే ఉంటాడా టీసీ తీసుకుని వెళ్తాడా అన్నది నమోదు చేయాలి. వెళ్తున్నాడని చేస్తేనే పేరు, బడి మారే పిల్లల పేర్లుండే డ్రాప్‌బాక్స్‌లో పడుతుంది. కొత్త బడి పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి అక్కడి నుంచి లాక్కోవాలి. పాత బడి ఆ పని చేయకపోతే పిల్లవాడు కొత్త బడిలో కూర్చుని చదువుకుంటున్నా లెక్కల్లో పాత బడిలోనే ఉంటాడు. జూన్, జూలైల్లో 'మీ పిల్ల ఆన్‌లైన్‌లో చూపించట్లేదమ్మా' అని ఆఫీసుల్లో వినిపించే మాట ఇదే. పుస్తకాలు, యూనిఫాం లెక్కలు ఈ సంఖ్యల మీదే నడుస్తాయి కదా, చూపించని పిల్లకు ఎక్కడి నుంచి తెస్తారు?

ప్రైవేటు బడుల తీరు ఇంకో రకం. ఫీజు బాకీ ఉంటే టీసీ ఇవ్వరు. కాగితం ఇచ్చినా పేరు డ్రాప్‌బాక్స్‌లోకి వదలరు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ వెంటనే ఇవ్వాలి, ఇవ్వకుండా తిప్పే హెచ్‌ఎం మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. టీసీ ఆలస్యమైందన్న సాకుతో సర్కారు బడి పిల్లవాణ్ని చేర్చుకోకుండా ఉండకూడదు. పోర్టల్‌లో వదలకపోతే కొత్త బడి వాళ్లు విడుదల కోసం అభ్యర్థన పెట్టొచ్చు. 2010 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. పిల్లల్ని బడిలో చేర్పించమనే బడిబాట ర్యాలీలో ఫ్లెక్సీ పట్టుకునే అధికారులు ఈ ఒక్క వాక్యాన్ని ఆ ఫ్లెక్సీ మీద రాయిస్తే కొంత పుణ్యం.

ఆధార్ గురించి మీ వార్తలో ఒక్క ముక్క లేదు. ఐదేళ్ల లోపు ఇచ్చిన నీలం కార్డులో వేలిముద్రలు ఉండవు. ఐదు నిండాక పిల్లను కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రలు, కనుపాప, కొత్త ఫొటో ఇప్పించాలి. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అయితే ఉచితం. ఏడు దాటినా చేయించకపోతే ఆధార్ నిలిపివేసే అవకాశం ఉందని ఆధార్ సంస్థే చెప్పింది. అంటే ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఈ సెలవులే సరైన సమయం, జూన్‌లో వెళ్తే పొద్దంతా వరసలోనే. విద్యార్థి చదువు రికార్డులన్నిటినీ ఒకచోట కలిపే అపార్ ఐడీ రావాలంటే బడి రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మన దగ్గర చిక్కంతా ఇక్కడే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. లక్ష్మి అన్న పేరు ఇంగ్లిషులో ఒక కార్డు మీద ఎక్స్‌తో, ఇంకో దాని మీద కె, ఎస్, హెచ్‌తో. ఏది మార్చాలో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆధార్‌లో పేరు మార్పు రెండుసార్లే, పుట్టిన తేదీ మార్పు ఒక్కసారే. కంగారులో ఆ అవకాశం వాడేస్తే తర్వాత చచ్చే చావు.

నాలుగు, ఐదు తరగతుల తల్లిదండ్రులకు ఇంకొంచెం తొందర ఉంటుంది. గురుకులం సీటు వస్తే కుల, ఆదాయ ధ్రువపత్రాలు అడుగుతారు. ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. నవోదయలో గ్రామీణ కోటా సీటైతే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివినట్టు హెచ్‌ఎం సంతకం కావాలి. ఆ హెచ్‌ఎం అప్పటికి సొంతూరు వెళ్లిపోయి ఉంటారు. వారి తప్పు కాదు, సెలవులు సెలవులే.

ఎవరూ చెప్పని పెద్ద సంగతి బోనఫైడ్, అంటే ఈ బడిలో చదివారని ఇచ్చే ధ్రువపత్రం. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఉద్యోగానికి స్థానికత తేలేది ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాని మీద. 95 శాతం పోస్టులు స్థానికులకే. ఆ లెక్కలో ఐదేళ్లు ప్రాథమిక బడివే. ఐదో తరగతి అయిన రోజే, ఏ తరగతి ఏ విద్యా సంవత్సరమో విడివిడిగా రాయించి, ముద్ర వేయించి దాచుకోవాలి. ముఖ్యంగా చిన్నచిన్న ప్రైవేటు బడుల్లో చదివినవాళ్లు. ఆ బడి రేపు మూతపడితే రిజిస్టర్ల కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు చుట్టూ తిరిగేది ఇరవై ఏళ్ల నిరుద్యోగే.

ఇక ప్రోగ్రెస్ కార్డు. ఏడాది చివరి పరీక్ష ఎస్ఏ-2లో వచ్చిన గ్రేడు చూసి మురిసిపోయే ముందు కింది తరగతి తెలుగు పుస్తకంలో ఒక పేరా చదివించండి, అప్పు తెచ్చుకుని తీసివేసే లెక్క ఒకటి చేయించండి. చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం పెట్టింది దీనికోసమే. కార్డులో ఎ గ్రేడు, ఇంట్లో గుణింతం రాదు. సార్లను అడిగితే ఏం చేస్తారు పాపం, ఏకోపాధ్యాయ బడిలో ఐదు తరగతులకు చెప్పాలా, రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో దిగే నమూనా నింపాలా, లేక తల్లిదండ్రుల సమావేశం ఫొటో లొకేషన్‌తో సహా ఎక్కించాలా? సమావేశంలో ఏం మాట్లాడారని అడిగే నాథుడు లేడు, ఫొటో మాత్రం స్పష్టంగా ఉండాలి.

విద్యాశాఖను అడిగేది పెద్ద కోరికేం కాదు. సెలవుల్లో వారానికి ఒక రోజు మండల వనరుల కేంద్రంలో ఒక మనిషిని కూర్చోబెట్టి రికార్డు షీటు, బోనఫైడ్, డ్రాప్‌బాక్స్ పనులు చూడమనండి. ఆ రోజు ఏదో, ఫోన్ నంబరు ఏదో ప్రతి బడి గేటుకు అంటించమనండి. వచ్చే ఏడాది సూచనల వార్త వేసేటప్పుడు మీరు కూడా ఫొటో కొంచెం చిన్నది చేస్తే ఇవన్నీ పట్టే చోటు దొరుకుతుంది.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, జగిత్యాల జిల్లా