డాక్టర్ ఇంగ్రిడ్ షెఫర్ గారికి, మా పాప తరఫున కృతజ్ఞతలు

మెల్‌బోర్న్‌లో పిల్లల న్యూరాలజిస్ట్‌గా పనిచేస్తున్న డాక్టర్ ఇంగ్రిడ్ షెఫర్ గారిని మేం ఎప్పుడూ కలవలేదు. ఆవిడకు మేం ఎవరమో తెలిసే అవకాశం లేదు. అయినా మా పాప ఈ రోజు సరైన మందు వాడుతోందంటే, ఆవిడా, డాక్టర్ శామ్యూల్ బెర్కోవిక్ గారూ, వాళ్ల బృందమూ ఏళ్ల తరబడి చేసిన పని దాని వెనక ఉంది. ఈ మాట నలుగురిలో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పాపకు ఏడాది నిండకముందే జ్వరంతో ఫిట్స్ మొదలయ్యాయి. జ్వరంలో ఫిట్స్ చాలామంది పిల్లలకు వస్తాయి, కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి, పెద్దయ్యేకొద్దీ రావడం మానేస్తాయి. మా పాపకు వచ్చినవి అలా ఆగేవి కావు. ఒకసారి కుడి చెయ్యీ కాలూ కొట్టుకునేవి, ఇంకోసారి ఎడమవైపు. వేడినీళ్లు పోసినా వచ్చేవి. మెదడుకు చేసిన ఈఈజీ, ఎంఆర్ఐ పరీక్షలు రెండూ బాగానే ఉన్నాయన్నారు. మొదట వాడిన కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందుతో తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి.

తర్వాత చూసిన డాక్టర్ గారు మేం చెప్పిందంతా ఓపిగ్గా విని, ఫిట్స్ వచ్చినప్పుడు తీసిన వీడియోలు చూసి, జన్యు పరీక్ష రాశారు. ఎస్‌సీఎన్‌1ఏ అనే జన్యువులో మార్పు ఉందని, ఇది డ్రావే సిండ్రోమ్ అని, అంటే పసితనంలోనే మొదలయ్యే ఒక తీవ్రమైన మూర్ఛ (ఫిట్స్) జబ్బు అని తేలింది. ఈ జబ్బును 1978లో మొదట వర్ణించింది ఫ్రాన్స్‌కు చెందిన డాక్టర్ షార్లోట్ డ్రావే. దానికి కారణమైన జన్యువును 2001లో బెల్జియం పరిశోధకులు పట్టుకున్నారు. మూర్ఛకూ జన్యువులకూ సంబంధం ఉందని గట్టిగా నిరూపించే దారి అంతకుముందే మొదలైంది. 1995లో మూర్ఛకు సంబంధించిన తొలి జన్యువును గుర్తించిన వాళ్లలో షెఫర్, బెర్కోవిక్ ఉన్నారు. కొన్ని కుటుంబాల్లో జ్వరపు ఫిట్స్ ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా వస్తున్నాయో 1997లో వివరించిందీ వాళ్లే.

ఎస్‌సీఎన్‌1ఏ జన్యువు నాడీకణాల్లో ఒక సోడియం చానల్‌ను తయారు చేయిస్తుంది. మెదడులో ఉద్రేకాన్ని అణిచి ఉంచే కణాలకు ఆ చానల్ చాలా అవసరం. అది తక్కువైతే బ్రేకు సరిగ్గా పడదు. కార్బమజెపైన్, ఫినైటాయిన్, లామోట్రిజిన్ లాంటి మందులు సోడియం చానళ్లనే అడ్డుకుంటాయి కాబట్టి, ఉన్న కాస్త బ్రేకూ పోతుంది. పాపకు మందు వాడినకొద్దీ ఎందుకు ఎక్కువైందో అప్పుడు మాకు అర్థమైంది. డాక్టర్ గారు నెమ్మదిగా దాన్ని తగ్గించి వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ అనే మందులకు మార్చారు. ఫిట్స్ పూర్తిగా పోలేదు, కానీ గంటల తరబడి ఐసీయూలో ఉంచాల్సినవి బాగా తగ్గాయి. పాప నడుస్తోంది. మాటలు ఆలస్యమే అయినా వస్తున్నాయి.

షెఫర్ గారికి నేను అన్నిటికంటే ఎక్కువగా రుణపడింది మరో విషయానికి. మొదటి ఫిట్ టీకా వేయించిన రోజు రాత్రి వచ్చింది. టీకా వల్లే ఇలా అయిందని ఒకరు, కడుపుతో ఉన్నప్పుడు నేనేదో చేసి ఉంటానని ఇంకొకరు. వినీ వినీ నేనూ నమ్మేశాను. 2006లో బెర్కోవిక్, షెఫర్ బృందం ప్రచురించిన అధ్యయనం గురించి డాక్టర్ గారు చెప్పారు. టీకా వల్ల మెదడు దెబ్బతిందని అనుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఎస్‌సీఎన్‌1ఏ మార్పు కనిపించింది. టీకా వల్ల వచ్చే జ్వరం మొదటి ఫిట్‌ను కాస్త ముందుకు తేవచ్చు గానీ, జబ్బు అంతకుముందే జన్యువులో ఉంది. ఈ జబ్బున్న వాళ్లలో టీకా తర్వాత ఫిట్స్ మొదలైన పిల్లలకూ మిగతా పిల్లలకూ తర్వాతి ఎదుగుదలలో తేడా లేదని 2010లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. చాలామంది పిల్లల్లో ఈ మార్పు అమ్మానాన్నల నుంచి రాదు, కొత్తగా పుడుతుంది. మా ఇద్దరి పరీక్షల్లోనూ ఏమీ లేదు. ఆ రోజు మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చారు. పాపకు మిగిలిన టీకాలన్నీ డాక్టర్ గారి సలహాతో, జ్వరం రాకుండా జాగ్రత్తపడుతూ వేయించాం.

ఏడాదిలోపు పిల్లలకు జ్వరంతో ఎక్కువసేపు ఫిట్స్ వస్తుంటే, అందులోనూ ఒకవైపే కొట్టుకుంటుంటే, జన్యు పరీక్ష అవసరమా అని మీ డాక్టర్‌ని అడగండి. వాడుతున్న మందు మాత్రం సొంతంగా ఆపకండి, అది ప్రమాదం. ఫిట్ అయిదు నిమిషాలు దాటితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

షెఫర్ గారికి, బెర్కోవిక్ గారికి, మా మాట విన్న డాక్టర్ గారికి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు. ఆ 2006 అధ్యయనం కోసం తమ పిల్లల రక్తం ఇచ్చిన తల్లిదండ్రులకు కూడా. వాళ్లూ నాలాగే ఎన్నో మాటలు పడి ఉంటారు. మా పాప రక్త నమూనాను పరిశోధనకు వాడుకోవచ్చని మేమూ సంతకం చేశాం.